పాలస్తీనా కార్మికుల ఉపాధి, కూలి, చదువు: అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవడం లేదు?

సుధీర్_వి (ప్రశ్న)

కార్మిక సంఘం పత్రికకి వ్యాసం రాస్తున్నాను. దశాబ్దాల ఘర్షణ పాలస్తీనా కార్మికుల పనిని, కూలిని, పిల్లల చదువుని ఏం చేసిందన్నది విషయం. సమాచారం కుప్పలుగా ఉంది, కానీ పొంతన లేదు. మూడు చోట్ల ఆగిపోయాను.

ఒకటి. వెస్ట్ బ్యాంక్‌లో నిరుద్యోగం ఒక నివేదికలో 13 శాతం, ఇంకోదాంట్లో 32, మరోదాంట్లో 35. గాజాకి ఒకచోట 45, ఒకచోట 80. ఏది వాడాలి?

రెండు. 2023లో ఇజ్రాయెల్‌లో పనికి వెళ్లే పాలస్తీనా కార్మికుడి సగటు రోజు కూలి దాదాపు 300 షెకెళ్లు (ఇజ్రాయెల్ డబ్బు), వెస్ట్ బ్యాంక్‌లోనే పనిచేస్తే 140 దగ్గర. "రెట్టింపు కూలి" అని రాసేయొచ్చా?

మూడు. పదిహేనేళ్లు దాటినవాళ్లలో అక్షరాస్యత 97 శాతం పైనే. ఘర్షణ చదువుని దెబ్బతీసిందని ఈ అంకె పక్కన పెట్టుకుని ఎలా చూపించాలి?

రాజకీయ చర్చ వద్దు, దానికి వేరే చోట్లు ఉన్నాయి. పని, కూలి, బడి వరకే చెప్పండి.

---

లెక్కలపద్దు

మొదటి ప్రశ్నకి. మీరు చెప్పిన అంకెలన్నీ సరైనవే, తేదీలే వేరు. 13, 45 అన్నవి 2023 మూడో త్రైమాసికానివి, అంటే హమాస్ దాడితో యుద్ధం మొదలైన అక్టోబరు 7కి ముందువి. 32, 80 (కచ్చితంగా 79.1) అన్నవి ఆ తర్వాతి ఎనిమిది నెలల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ, పొట్టిగా ఐఎల్ఓ, 2024 జూన్‌లో ఇచ్చిన అంచనాలు. 35 ఆ తర్వాత 2024 అక్టోబరులో వచ్చింది. ఏ అంకె పక్కన అయినా త్రైమాసికం, ఎవరిచ్చారు అన్నది వేయకపోతే పాఠకుడు కూడా మీలాగే తికమక పడతాడు.

కానీ అసలు చిక్కు తేదీల్లో లేదు, నిర్వచనంలో ఉంది. పాలస్తీనా కేంద్ర గణాంక సంస్థ, పొట్టిగా పీసీబీఎస్, 1995 నుంచి మూడు నెలలకోసారి శ్రామిక సర్వే చేస్తోంది. అందులో ముందు వారంలో ఒక్క గంట కూలిపని చేసినా ఉద్యోగి కిందే లెక్క. పని ఉండి తాత్కాలికంగా వెళ్లలేకపోయినవాడూ ఉద్యోగే. సరిహద్దు మూసిన మొదటి వారాల్లో ఇంట్లో కూర్చున్న మేస్త్రీ "నా పని ఉంది, దారే లేదు" అంటే నిరుద్యోగుల్లో చేరడు. అందుకే మూసివేత దెబ్బ నిరుద్యోగ రేటులో ఆలస్యంగా, పలచబడి కనిపిస్తుంది.

ఇంకో గుంట. వెతికి వెతికి విసిగి పని కోసం తిరగడం మానేసినవాళ్లని పాత పద్ధతిలో నిరుద్యోగుల్లో కలిపేవాళ్లు. అంతర్జాతీయ ప్రమాణాలు మారాక వాళ్లని శ్రామిక శక్తి (పనిలో ఉన్నవాళ్లు, పని వెతికేవాళ్లు కలిపి) బయట చూపిస్తున్నారు. 2018కి పాత పద్ధతిలో దాదాపు 31 శాతం, కొత్త పద్ధతిలో 26 శాతం. ఏడాది అదే, మనుషులూ వాళ్లే, అయిదు శాతం పాయింట్లు మాయం. 2000ల నాటి రేటుని 2022 రేటుతో ఒకే గీతలో కలిపి గీసిన గ్రాఫు కనిపిస్తే పక్కన పడేయండి.

ఆడవాళ్ల విషయంలో ఈ గుంట మరీ లోతు. పని వయసు ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 20 శాతం కూడా లేరు. పని దొరకదని ఇంట్లో ఉండిపోయినవాళ్లు ఏ రేటులోనూ కనపడరు.

కాబట్టి రేటు కంటే తలల సంఖ్య వాడండి. 2024 జనవరి చివరికి ఐఎల్ఓ అంచనా ప్రకారం గాజాలో 2,01,000 ఉద్యోగాలు పోయాయి, అంటే అంతకుముందున్న వాటిలో మూడింట రెండొంతులు. వెస్ట్ బ్యాంక్ వైపు, ఇజ్రాయెల్‌లోని పనులతో కలిపి, 3,06,000. ఇవి నిర్వచనాల మీద అంతగా ఆధారపడవు.

---

పనిచోటు

రెండో ప్రశ్న. "రెట్టింపు" అని రాయొద్దండీ. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను.

ముందు వ్యవస్థ, 2023 అక్టోబరు దాకా నడిచిన తీరు. ఇజ్రాయెల్‌లో పని చేయాలంటే వెస్ట్ బ్యాంక్ కార్మికుడికి అయస్కాంత కార్డు, భద్రతా తనిఖీలో "అభ్యంతరం లేదు" అన్న మాట, ఆపైన పర్మిట్ కావాలి. పర్మిట్లకి రంగాలవారీ కోటా: నిర్మాణం, వ్యవసాయం, పరిశ్రమ, సేవలు. సింహభాగం నిర్మాణానిదే, అంటే సెంట్రింగ్, ఇనుము కట్టడం, ప్లాస్టరింగ్, టైల్స్. పర్మిట్ చాలాకాలం యజమాని పేరు మీదే ఉండేది. యజమాని వద్దంటే పర్మిట్ పోయినట్టే. 2020 డిసెంబరులో నిర్మాణ రంగానికి ఈ ముడి విప్పారు, కార్మికుడే గుత్తేదారుని వెతుక్కోవచ్చన్నారు. కాగితం మీద.

ఆచరణలో ఏమైందంటే, కోటా చేతిలో ఉండి పని లేని గుత్తేదారు పర్మిట్‌ని దళారీకి అమ్ముకోవడం, దళారీ దాన్ని కార్మికుడికి నెలవారీగా అద్దెకివ్వడం ఆగలేదు. రేటు నెలకి 2,000 షెకెళ్లకి అటూ ఇటూ, ఒక్కోచోట 2,500. పర్మిట్ మీద ఒక గుత్తేదారు పేరు, పని ఇంకొకడి దగ్గర. పే స్లిప్ వస్తే మొదటివాడిస్తాడు, కూలి రెండోవాడు చేతికిస్తాడు.

ఇప్పుడు లెక్క. రోజుకి 300 చొప్పున 22 రోజులు 6,600. దళారీకి 2,000 తీస్తే 4,600. ప్రయాణానికి రోజుకి 40 వేసుకుంటే 880 పోయి 3,720. వెస్ట్ బ్యాంక్‌లో 140 చొప్పున 22 రోజులు 3,080. తేడా నెలకి 640 షెకెళ్లు.

ఇంకా గంటలు ఉన్నాయి. ఖల్కీల్యా దగ్గర ఎయాల్, తూల్కరమ్ దగ్గర షఆర్ ఎఫ్రాయిమ్, బెత్లెహేమ్‌లో 300 నంబరు చెక్‌పోస్టు, హెబ్రాన్ పక్కన తర్కూమియా. ఈ దారుల్లో తెల్లవారుజామున మూడింటికే వరస కడతారు, ఇంటికి చేరేసరికి సాయంత్రం అయిదు. గడప దాటి గడప చేరడానికి 14 గంటలు వేసుకోండి. 3,720ని 22తో, మళ్లీ 14తో భాగిస్తే గంటకి 12 షెకెళ్లు. ఊళ్లో తొమ్మిది గంటల పనికి 140 అంటే గంటకి పదిహేనున్నర. దళారీకి డబ్బు కట్టేవాడికి బయట పని గంట లెక్కన తక్కువే గిడుతోంది!

మరి ఎందుకు వెళ్తారు? ఊళ్లో ఆ 22 రోజుల పని ఉండదు కాబట్టి. 140 అన్నది దొరికిన రోజు కూలి. దొరకని రోజుల్ని ఆ సగటు చూపించదు. నెలకి పద్నాలుగు రోజులే పని దొరికితే 1,960. అప్పుడు 3,720 పెద్ద మొత్తమే.

మీ వ్యాసంలో మూడు గడులు పెట్టండి: రోజు కూలి, నెలలో పని రోజులు, చేతికొచ్చింది. పీసీబీఎస్ పట్టికల్లో మొదటి రెండూ దొరుకుతాయి.

ఇంకొకటి. "ఇజ్రాయెల్, సెటిల్‌మెంట్లలో పనిచేసేవాళ్లు" అన్న వరసలో (సెటిల్‌మెంట్లంటే వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన కాలనీలు) మూడు రకాల మనుషులు ఉంటారు: పర్మిట్ ఉన్నవాళ్లు, లేకుండా వెళ్లేవాళ్లు, ఇజ్రాయెల్ గుర్తింపు కార్డు లేదా విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు. మూడో రకానికి చెక్‌పోస్టూ లేదు, దళారీ లేడు. ముగ్గురి సగటు వేస్తే ఎవరి బతుకూ తెలియదు.

---

సుధీర్_వి

పనిచోటు గారూ, ఈ లెక్క ఎక్కడా చూడలేదు, థాంక్స్. ఒక సందేహం. 2023 అక్టోబరులో పర్మిట్లన్నీ ఒక్కసారి ఆగాయి కదా. నిరుద్యోగ భృతి లాంటిది ఏమైనా వచ్చిందా? ఇజ్రాయెల్‌లో చట్టప్రకారం జీతంలోంచి కోతలు ఉంటాయి కదా, ఆ డబ్బు ఎటు పోయింది?

---

పనిచోటు

భృతి రాలేదు. ఇజ్రాయెల్ జాతీయ బీమా కింద పాలస్తీనా పర్మిట్ కార్మికుడికి వర్తించేవి మూడే: పనిలో గాయం, ప్రసూతి, యజమాని దివాలా. నిరుద్యోగం ఆ జాబితాలో లేదు. ఇటు పాలస్తీనా వైపు సామాజిక భద్రతా చట్టం 2016లో వచ్చింది. కోతల మీద, నిర్వహణ మీద నమ్మకం లేక కార్మికులే రోడ్డెక్కారు. 2019 జనవరిలో దాన్ని నిలిపేశారు. అంటే 2023లో తాడు తెగినప్పుడు కింద వల ఏ వైపూ లేదు. అప్పటికి వెస్ట్ బ్యాంక్ నుంచి పర్మిట్‌తో, పర్మిట్ లేకుండా కలిపి 1,70,000 మందికి పైగా వెళ్తున్నారు. గాజా నుంచి పర్మిట్లు 18,500 దాకా. గాజావి పూర్తిగా రద్దు. వెస్ట్ బ్యాంక్‌వి ఆపేసి, "అత్యవసరం" అన్న పేరుతో కొన్ని వేలమందిని మాత్రం తిరిగి రానిచ్చారు.

ఇక కోతలు. చట్టప్రకారం జీతం ఇజ్రాయెల్ జనాభా, వలస సంస్థలోని చెల్లింపుల విభాగం ద్వారా నమోదు కావాలి. యజమాని ప్రతి నెలా పని రోజులు అక్కడ చూపించాలి. మోసం ఇక్కడే. 22 రోజులు పని చేయించుకుని 12 రోజులు చూపిస్తాడు, మిగతాది చేతికి నగదు. ఆ నెలకి ఇద్దరికీ లాభంగానే కనిపిస్తుంది. దెబ్బ తర్వాత తెలుస్తుంది: పింఛను, సెలవు జీతం, గాయమైతే వచ్చే పరిహారం, ఉద్యోగం ముగిసినప్పటి గ్రాట్యుటీ, అన్నీ ఆ 12 రోజుల మీదే లెక్క కడతారు. గ్రాట్యుటీ అంటే ఒక్కో సంవత్సరానికి ఒక నెల జీతం. సగం రోజులు దాచేస్తే అదీ సగమే.

బకాయి రాబట్టుకోవాలంటే ఏం ఉండాలి: పే స్లిప్పులు, పర్మిట్ కాపీ, పని రోజుల సొంత నమోదు (తేదీ, స్థలం, మేస్త్రీ పేరు), పనిచోటు ఫోటోలు, మేస్త్రీతో వాట్సాప్ సంభాషణలు. కూలి బకాయికి గడువు ఏడేళ్లు, వార్షిక సెలవు డబ్బుకి మూడేళ్లే. ఈ తేడా తెలియక సెలవు డబ్బు వదులుకునేవాళ్లే ఎక్కువ. 2016 నుంచి ఇంకో అడ్డు వచ్చింది: ఇజ్రాయెల్ నివాసి కానివాడు కేసు వేస్తే ప్రతివాది ఖర్చులకి ముందే పూచీ డబ్బు కట్టమని లేబర్ కోర్టు అడగవచ్చు. కావ్ లఓవేద్ లాంటి కార్మిక హక్కుల సంస్థలు కాగితాలు సరిచూసి నోటీసు దాకా సాయం చేస్తాయి. కానీ కక్షిదారుడికి సరిహద్దు దాటే దారి లేకపోతే కేసు ఎన్ని వాయిదాలకి పోతుందో ఊహించండి.

సెటిల్‌మెంట్లలో పనిచేసేవాళ్లకీ ఇజ్రాయెల్ కార్మిక చట్టమే వర్తిస్తుందని 2007లో అక్కడి హైకోర్టు చెప్పింది. దీన్ని వ్యాసంలో తప్పక పెట్టండి. కనీస వేతనం రెండు వైపులా ఎంత దూరంలో ఉందో చూస్తే దాని విలువ అర్థమవుతుంది: పాలస్తీనాలో 2022 జనవరి నుంచి నెలకి 1,880 షెకెళ్లు, ఇజ్రాయెల్‌లో 2024 ఏప్రిల్ నాటికి 5,880. ఒకే కొండకి రెండు పక్కలున్న రెండు పనిచోట్లలో.

2024 సెప్టెంబరులో అంతర్జాతీయ సంఘాలు పది కలిసి ఈ ఆగిపోయిన కూలి మీదే ఐఎల్ఓలో ఫిర్యాదు వేశాయి. వేతన రక్షణ ఒడంబడిక, 95వ నంబరుది, ఆధారం. సంఘం పత్రిక కాబట్టి మీ పాఠకులకి ఈ భాగం బాగా పడుతుంది.

---

నళిని_బడి

మూడో ప్రశ్న నాది. అక్షరాస్యత చూసి మోసపోకండి. అది నలభై ఏళ్ల కిందట బడికి వెళ్లిన అమ్మమ్మనీ, నిన్న వెళ్లిన పిల్లనీ కలిపి చెప్పే నిల్వ లెక్క. ఘర్షణ దెబ్బ తగిలేది ప్రవాహానికి: ఈ ఏడు ఎన్ని రోజులు బడి నడిచింది, ఎంతమంది పరీక్ష దాకా వచ్చారు, వచ్చినవాళ్లకి ఏం వచ్చు.

దెబ్బ నాలుగు దారుల్లో వస్తుంది. అన్నీ సమానం కాదు.

మొదటిది నేరుగా మూసివేత. మొదటి ఇంతిఫాదాలో (1987లో మొదలైన పాలస్తీనా తిరుగుబాటు) బీర్‌జైత్ విశ్వవిద్యాలయం 1988 జనవరి నుంచి 1992 ఏప్రిల్ దాకా సైనిక ఉత్తర్వుతో మూతపడింది. ఇళ్లలో, మసీదుల్లో, ఆఫీసుల్లో రహస్యంగా పాఠాలు చెప్పుకున్నారు, ప్రయోగశాల చదువులు మాత్రం అలా నడవవు కదా. గాజాలో 2023 అక్టోబరు నుంచి 6,25,000 మంది బడిపిల్లలకి మామూలు బడి లేకుండా పోయింది. 2024లో 39,000 మంది తౌజీహీ, అంటే పన్నెండో తరగతి తుది పరీక్ష, రాయలేకపోయారు. 2025 జూలైలో 2006లో పుట్టినవాళ్లకి ఎలక్ట్రానిక్ పద్ధతిలో పెడితే రాసింది సుమారు 1,500 మంది. వెస్ట్ బ్యాంక్ ఉత్తరాన 2025 జనవరి, ఫిబ్రవరుల్లో జెనీన్, తూల్కరమ్, నూర్ షమ్స్ శరణార్థి శిబిరాలు ఖాళీ అయ్యాక అక్కడి ఉన్ర్వా (పాలస్తీనా శరణార్థుల కోసం ఉన్న ఐక్యరాజ్యసమితి సంస్థ) బడులూ మూతపడ్డాయి.

రెండోది పైకి కనపడదు, వెస్ట్ బ్యాంక్‌లో మాత్రం ఎక్కువమందిని కొడుతున్నది అదే: టీచర్ జీతం. ఇజ్రాయెల్, పాలస్తీనా మధ్య 1994లో కుదిరిన పారిస్ ఆర్థిక ఒప్పందం ప్రకారం పాలస్తీనా దిగుమతుల మీద పన్ను ఇజ్రాయెల్ వసూలు చేసి, 3 శాతం పట్టుకుని, నెలనెలా బదిలీ చేయాలి. పాలస్తీనా ప్రభుత్వ రాబడిలో సగానికి బాగా పైన అదే. దాన్ని కోసినా ఆపినా జీతాలు సగమవుతాయి. 2021 నవంబరు నుంచే పూర్తి జీతం లేదు. 2023 అక్టోబరు తర్వాత చాలా నెలలు 50 నుంచి 70 శాతం మధ్య ఊగింది. సగం జీతంతో రోజూ బస్సు ఎక్కి, మధ్యలో చెక్‌పోస్టులు దాటి వచ్చే టీచర్‌కి ప్రయాణ ఖర్చే భారం. అందుకే సమ్మెలు (2023 ఫిబ్రవరిలో మొదలైనది వారాల తరబడి సాగింది), అందుకే చాలా ప్రభుత్వ బడులు వారానికి మూడు రోజులకి కుదించుకున్నాయి. నమోదు పట్టికలో ఆ పిల్లాడు "బడిలో ఉన్నాడు". బోధన గంటలు మాత్రం అయిదు రోజులవి మూడయ్యాయి, అంటే 40 శాతం పోయాయి.

మూడోది ఇంటి ఆదాయం. 2000 నుంచి 2006 దాకా వెస్ట్ బ్యాంక్ సర్వేల మీద చేసిన అధ్యయనంలో మూసివేత రోజులు పెరిగినప్పుడు పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు పనికి వెళ్లే అవకాశం పెరిగిందని తేలింది. రెండో ఇంతిఫాదా (2000లో మొదలైంది) కాలంలో హింస ఎక్కువున్న చోట్ల తౌజీహీ ఉత్తీర్ణత అవకాశం తగ్గిందని ఇంకో అధ్యయనం. విశ్వవిద్యాలయం స్థాయిలో ఇది ఫీజు రూపంలో వస్తుంది. అక్కడ ఫీజు క్రెడిట్ గంటకింత అని జోర్డాన్ దీనార్లలో కడతారు. తండ్రి పర్మిట్ ఆగగానే పిల్లలు చదువు మానేయరు. ముందు సెమిస్టర్‌కి 18 క్రెడిట్ల బదులు 9 తీసుకుంటారు. నాలుగేళ్ల డిగ్రీ ఏడేళ్లకి సాగుతుంది. చదువు మానేసినవాళ్ల లెక్కలో ఇది ఎక్కడా ఉండదు.

నాలుగోది, చదివితే ఏం వస్తుంది అన్నది. అది పనిచోటు గారి లెక్కతోనే ముడిపడి ఉంది. పదో తరగతి దాకా బడి తప్పనిసరి. ఆ తర్వాత కుర్రాడి ముందు రెండు దారులు: సెంట్రింగ్ పని నేర్చుకుని నెలకి ఆరువేల షెకెళ్లు, లేదా ఇంకో ఆరేళ్లు చదివి టీచరై అందులో సగం, అదీ పూర్తిగా రాకుండా. పర్మిట్లు ధారాళంగా ఉన్న ఏళ్లలో పై తరగతుల్లో మగపిల్లలు పలచబడడానికి కారణం పిల్లల్లో వెతకొద్దు, ఈ కూలి పట్టికలో వెతకండి. అమ్మాయిల ముందు ఆ మొదటి దారి లేదు, వాళ్లు చదువుతూనే ఉంటారు, డిగ్రీ చేతికొచ్చాక నిరుద్యోగంలో వాళ్లే ముందుంటారు.

---

పాత_సంచిక

నళిని గారి నాలుగో పాయింటుకి ఒక సవరణ. డిగ్రీకి విలువ పడిపోవడం ఘర్షణ ఒక్కదాని పని కాదు. 1980ల మొదట్లో వెస్ట్ బ్యాంక్, గాజాల్లో కాలేజీల నుంచి బయటికొచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. 1981లో పన్నెండో తరగతి చదివినవాడి కంటే డిగ్రీవాడికి 40 శాతం దాకా ఎక్కువ వచ్చేది. 1987కి ఆ తేడా 20 శాతం లోపుకి దిగింది. ఇది మొదటి ఇంతిఫాదాకి ముందే జరిగింది. తర్వాత నోబెల్ అందుకున్న ఆర్థికవేత్త జాషువా యాంగ్రిస్ట్ తేల్చిన లెక్క ఇది. డిగ్రీవాళ్లు పెరిగారు, వాళ్లకి తగ్గ పనులు పెరగలేదు. ఇజ్రాయెల్ తలుపు తెరిచి ఉన్నా అది ఒళ్లు వంచే పనికే తెరిచి ఉంది. ఇంట్లో పరిశ్రమ పెరగలేదు. ఎందుకు పెరగలేదన్న దాంట్లో ఆక్రమణ, అనుమతులు అన్నీ వస్తాయి, అది వేరే వ్యాసం.

పర్మిట్ చరిత్ర కూడా రెండు ముక్కల్లో. 1967 తర్వాత సరిహద్దు తెరుచుకుంది, 1972 నుంచి సాధారణ అనుమతి మీద దాదాపు ఎవరైనా వెళ్లి పని చేసుకొచ్చేవాళ్లు. 1980ల నడుమకి పాలస్తీనా శ్రామికుల్లో మూడో వంతుకి పైగా అక్కడే. 1991లో ఆ అనుమతి తీసేసి ఒక్కొక్కరికీ వేరే పర్మిట్ పెట్టారు. 1993 మార్చిలో మూసివేత. ఆ ఖాళీలోకి రొమేనియా, చైనా నుంచి నిర్మాణ కార్మికులూ, థాయిలాండ్ నుంచి పొలం కూలీలూ వచ్చారు. 2023 తర్వాత భారత్ నుంచి రప్పించింది కూడా ఆ పద్ధతిలోనే. రెండో ఇంతిఫాదా వచ్చాక, 1999లో పనికి వెళ్తున్న 1,35,000 మంది 2002కి 50,000 దగ్గరికి పడ్డారు. నిరుద్యోగం 12 శాతం నుంచి 31కి ఎగబాకింది. గాజా వరకు 2006 తర్వాత తలుపు పూర్తిగా మూసుకుపోయింది, 2021లో కాస్త తెరిచారు, 2023లో మళ్లీ మూశారు.

ఒకసారి పోయిన పని అదే మనిషికి తిరిగి రాదు. గుత్తేదారు కొత్త మనుషుల్ని చేర్చుకున్నాక పాతవాడి నైపుణ్యానికి ఊళ్లో కొనేవాడు ఉండడు. ఇరవై అంతస్తుల కట్టడానికి సెంట్రింగ్ కొట్టిన చేతికి ఊళ్లో రెండంతస్తుల ఇల్లు కూడా వారానికోసారే.

---

లెక్కలపద్దు

సుధీర్ గారూ, కూలి గ్రాఫు గీసేముందు ఒక ఉచ్చు చూసుకోండి. గొడవలు ముదిరిన త్రైమాసికాల్లో సగటు కూలి ఒక్కోసారి *పెరిగినట్టు* కనిపిస్తుంది. దాన్ని "పరిస్థితి మెరుగైంది" అని రాసినవాళ్లని చూశాను.

ఊహాజనిత లెక్క: ఊళ్లో 80 మంది. 40 మందికి రోజుకి 100, 40 మందికి 180. సగటు 140. మూసివేతలో 100 వచ్చేవాళ్లలో 20 మందికి పని పోయింది. మిగిలినవాళ్ల మొత్తం 2,000, 7,200 కలిపి 9,200. అరవై మందితో భాగిస్తే 153. ఎవరి కూలీ పైసా పెరగలేదు. కింది వరస పడిపోయింది కాబట్టి సగటు లేచింది.

మందు: సగటు పక్కన మధ్యస్థ కూలి (అందరినీ కూలి వరసలో నిలబెడితే నడుమ ఉన్నవాడిది) వేయండి, అది కూడా ఇలాగే లేవొచ్చు కాబట్టి పని చేస్తున్నవాళ్ల సంఖ్యా వేయండి, రెండూ ఒకే పట్టికలో ఉండాలి. ముడి సర్వే డేటా చేతిలో ఉంటే ఇంకా మేలైన దారి ఉంది. ఆ సర్వేలో ఒక ఇంటిని వరసగా రెండు త్రైమాసికాలు అడిగి, రెండు వదిలి, మళ్లీ రెండు అడుగుతారు. అదే మనిషి అప్పుడూ ఇప్పుడూ ఎంత సంపాదించాడో పోల్చొచ్చు, ఈ ఉచ్చే ఉండదు.

చెక్‌పోస్టుల ప్రభావం మీద ప్రపంచ బ్యాంకు 2013లో వేసిన పత్రం ఈ సర్వే డేటాతోనే చేసింది. ఊరికి ఒక్క నిమిషం దూరంలో ఒక చెక్‌పోస్టు పెడితే పని దొరికే అవకాశం 0.41 శాతం పాయింట్లు, గంట కూలి 6.3 శాతం, పని రోజులు 2.6 శాతం తగ్గాయని తేలింది. చూడండి, అతి తక్కువ కదిలింది ఉపాధి, అన్నిటికంటే ఎక్కువ పడింది కూలి. నిరుద్యోగ రేటు ఒక్కటే పట్టుకుంటే ఎంత జారిపోతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు.

---

సుధీర్_వి

అందరికీ ధన్యవాదాలు. పట్టిక ఇలా వేద్దామనుకుంటున్నాను: 1999, 2002, 2023 మూడో త్రైమాసికం, 2024. గడులు: ఇజ్రాయెల్‌లో పనిచేసేవాళ్లు, ఊళ్లో పనిచేసేవాళ్లు, మధ్యస్థ రోజు కూలి, నెలలో పని రోజులు, బడి నడిచిన రోజులు. వెస్ట్ బ్యాంక్, గాజా వేర్వేరుగా. గాజా 2024 గడిలో కూలి ఏం వేయాలో తెలియడం లేదు.

---

పనిచోటు

వేయకండి, గీత పెట్టి వదిలేయండి. బదులు ధరల గడి పెట్టండి. 2024లో గాజాలో వినియోగ ధరలు అంతకుముందు ఏడాది కంటే 200 శాతానికి పైగా పెరిగాయి. అదే జీతం అందుతున్న ఉద్యోగికి కూడా కొనుగోలు శక్తి మూడో వంతు లోపుకి పడిందన్నమాట.

దాని మీద నగదు కమీషన్. బ్యాంకు శాఖలు, ఏటీఎంలు పోయాయి, కొత్త నోట్లు రాలేదు. ఖాతాలో జీతం పడినా నోట్లుగా మార్చుకోవాలంటే దళారీకి 2025లో 40 శాతం దాకా ఇవ్వాల్సి వచ్చింది. ఖాతాలో 2,000 పడితే చేతికి 1,200. కాబట్టి 2023 తర్వాత గాజాకి సంబంధించి ఏ జీతం అంకె మీకు దొరికినా, అది ఖాతాలో పడిందా, చేతికి అందిందా అన్నది పక్కనే రాయండి.

నళిని_బడి

"బడి నడిచిన రోజులు" గడిలో వెస్ట్ బ్యాంక్ ప్రభుత్వ బడులనీ ఉన్ర్వా బడులనీ విడదీయండి. జీతం కోత ఉన్ర్వా టీచర్లకి వేరేగా, వేరే కారణంతో వస్తుంది, సమ్మె తేదీలూ వేరు. తూర్పు జెరూసలేమ్‌లోని ఆరు ఉన్ర్వా బడులు 2025 మేలో మూతపడ్డాయి, వాటిని వెస్ట్ బ్యాంక్ సగటులో కలిపేస్తే కనిపించకుండా పోతాయి.